బాబాయి రక్తంలో దొరికిన ఊరు

మా పిన్ని వైరస్ పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్. డెంగీ వచ్చినవాళ్ల రక్తంలోని వైరస్ జన్యువుల్లో ఉండే గుర్తులు చదివి, అది ఏ ఊళ్లో తిరుగుతున్న రకమో చెబుతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. బాబాయి మాత్రం ఆవిడ అక్కడ కూర్చుని దోమలు లెక్కపెడుతుందనే అనుకునేవాడు.

ఆయన కొండ మీది ఊళ్లో ఆఫీసు శిక్షణ అని చెప్పి వెళ్లాడు. తిరిగొచ్చిన వారానికి డెంగీతో మంచమెక్కాడు. పిన్ని ఆయన రక్తాన్నీ పరీక్షకు పెట్టింది. తేలిన గుర్తు ఓడరేవు ఊరిది. ఆ ఏడాది అది ఇంకెక్కడా కనిపించలేదు.

ఓడరేవులో ఉండేది మా మావయ్య, అంటే పిన్నికి స్వయానా అన్న. ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు.

సాయంత్రం పిన్ని మందుబిళ్ల అందిస్తూ అడిగింది.

“శిక్షణ బాగా జరిగిందా?”

“బ్రహ్మాండంగా.”

“ఓడరేవులోనా?”

బాబాయి దుప్పటిని ముక్కు దాకా లాక్కున్నాడు. “ఎవరు చెప్పారే?”

“మీ రక్తమే చెప్పింది.”

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. “నీతో ఒక్కసారి మాట్లాడమని మీ అన్నయ్యను బతిమాలడానికి వెళ్లానే. మూడు రోజులు ఆ వరండాలోనే కూర్చున్నా. దోమలన్నీ పలకరించాయి గానీ ఆయన మాత్రం కరగలేదు.”

పిన్ని కాసేపు ఆయన నుదుటి మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత ఫోన్ తీసుకుంది.

“అన్నయ్యా, నేనే. మీ వరండాలో దోమలున్నాయట. నీకు జ్వరమేమీ రాలేదు కదా?”