గోలీల సారు దగ్గర గోలీలు దొరకవు

మా చుట్టాల్లో పెళ్లయినా పురుడయినా నాకు కడుపునిండా తినే యోగం లేదు. విస్తరి ముందు కూర్చోగానే ఎవరో ఒకరు వెనక నుంచి భుజం తట్టి, "జర ఇటు రా, పనుంది" అని పందిరి అవతలికి తీసుకుపోతారు. ఏదో ఇంటి గుట్టు చెప్తున్నారని చూసేవాళ్లు అనుకుంటారు. గుట్టూ లేదు, గోడూ లేదు. గోలీలు కావాలి.

సుల్తానాబాద్ చుట్టుపక్కల రైస్ మిల్లుల గోదాముల్లో బియ్యానికి పురుగు పట్టకుండా మందు పెట్టడం నా పని. వరుసగా పేర్చిన బస్తాల మీద పెద్ద ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇసుక నింపిన గొట్టాలు పరిచి, లోపల గోలీలు పెడతాం. తేమ తగిలితే వాటిలోంచి విషపు గాలి పుడుతుంది. ఆ గాలికి పురుగు చస్తుంది. దానికి పురుగేదో మనిషేదో తెలియదు కాబట్టి మనిషి కూడా చస్తాడు. అందుకే వీటిని దుకాణంలో చిల్లరగా అమ్మకూడదని, శిక్షణ తీసుకుని లైసెన్స్ ఉన్నవాళ్లే వాడాలని చట్టం. తాళం వేసి దాచాలి. ఎక్కడ ఎన్ని వాడామో లెక్క చెప్పగలగాలి. పట్టా తీశాక గాలిని మీటరుతో చూసి, ఏమీ లేదని తేలాకే హమాలీలను లోపలికి పంపాలి.

ఇదంతా నేను చేస్తాను. చేసినందుకు తిట్లు కూడా నేనే తింటాను. ఒకసారి ఒక మిల్లులో ఇంకా పట్టా తీసే గడువు కాకముందే లారీ వచ్చి నిలబడింది. "ఏమైతది సారూ, తలుపులు బార్లా తీస్తే అదే పోతది" అన్నాడు సేటు. నేను గోదాము తాళంచెవి జేబులో వేసుకుని అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. లారీ డ్రైవరు నన్నే చూస్తూ గుట్కా నమిలాడు. సేటు ఫోనులో ఎవరితోనో, "లైసెన్స్ ఉన్నోణ్ణి పెట్టుకుంటే గిట్లనే పరేషాన్ జేస్తరు" అనడం నాకు వినబడాలనే గట్టిగా అన్నాడు. వినబడింది. నేను లేవలేదు.

సేటుతో వేగడం సులువే. ఇంట్లోవాళ్లతోనే చావు. లైసెన్స్ ఉందంటే నా దగ్గర గోలీలు శనగల్లా పడి ఉంటాయనుకుంటారు. లైసెన్స్ ఉంది కాబట్టే ఒక్కటి కూడా ఇవ్వకూడదని చెబితే, పిసినారినని అంటారు.

మా అక్కది కాలువ అవతలి ఊరు. బావ దుబాయ్‌లో ఉంటాడు. కోతలయ్యాక ఏడాదికి సరిపడా వడ్లు ఒక్కసారే పట్టించి, ఆ బియ్యం బస్తాలు పడుకునే అర్రలో పెట్టుకోవడం మా దగ్గర ఇంటింటి అలవాటు. బయట పెడితే ఎలుకలు కొడతాయి. పైగా కళ్ల ముందు బియ్యం ఉంటే ఆడవాళ్లకు ధైర్యం. అక్క ఇంట్లో మంచం ఒక పక్క గోడకు, ఇంకో పక్క బస్తాలకు ఆని ఉంటుంది. చిన్నమ్మాయి ఆ బస్తాల మీదికి కాళ్లు చాపుకుని పడుకుంటుంది.

మొన్న వానాకాలంలో అక్క ఫోను చేసింది. "లక్కపురుగు పట్టింది తమ్మీ. బియ్యం కడుగుతె అన్నీ తేలుతున్నయ్. జర గోలీలు తెచ్చియ్యి."

"అక్కా, గవి ఇంట్ల పెట్టేటియి కావు. పానాలు పోతయ్. ఎండకు పొయ్యి, యాపాకు ఎయ్యి."

"వానలల్ల ఎండ యాడికెల్లి తేవాలె? ఊరోళ్లందరు పెడ్తున్నరు, ఎవ్వలు సచ్చిండ్రు? సేట్ల గోదాములకు పెడ్తవు గని, సొంత అక్కకు ఇయ్యనీకి చెయ్యి రాదాయె!"

ఫోను పెట్టేసింది. మళ్లీ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అలిగితే అలగనీ అని నేనూ ఊరుకున్నాను.

ఒక ఆదివారం అటు పని పడితే, ఎట్లాగూ తిట్లు తప్పవని వాళ్లింటికి వెళ్లాను. గడప దాటగానే వెల్లుల్లి కుళ్లినట్టు వాసన. అది గోలీల వాసన. మిల్లులో తప్ప మా అక్క ఇంట్లో ఎప్పుడూ ఎరగను. చిన్నమ్మాయి పట్టపగలు మంచం మీద ముడుచుకుని ఉంది. "పొద్దటిసంది వాంతులైతున్నయ్. నిన్న మిర్చీలు తిన్నది, పడలేనట్టుంది" అంటోంది అక్క. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి, జల్లు కొడుతోందని.

పిల్లను ఎత్తుకుని బయటికి ఉరికాను. అంత భయం నేను ఏ గోదాములోనూ పడలేదు. కరీంనగర్ ఆస్పత్రి దాకా ఆటోలో అక్క మీద అరుస్తూనే ఉన్నాను. ఒక్కమాటకు నాలుగు మాటలనే మనిషి, పిల్ల అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. పిల్ల బతికింది. ఇంకో రాత్రి అదే అర్రలో పడుకుంటే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు.

అక్క ఆ గోలీలు ఊళ్లో ఎరువుల దుకాణంలో కొన్నదట. మర్నాడు ఆ దుకాణపాయన మీదికి పోయాను.

"నీ అక్కనే గదా అన్నా" అన్నాడు ఏమీ కానట్టు. "గోలీల సారు అక్కనని చెప్పింది. నువ్వు పెడ్తవనుకున్న. వేరేటోళ్లకైతె ఇస్తనా?"

నా లైసెన్స్‌కు సేట్ల దగ్గర లేని విలువ ఇక్కడ దొరికింది. ఏం చేయాలి, మురిసిపోవాలా? కంప్లైంట్ ఇస్తానన్నాను. "ఇయ్యి. కొన్నది ఎవలని రాస్తరు మరి?" అని నవ్వాడు.

పిల్ల ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ మాట అక్కకు చెప్పాను. అక్క వద్దంటుందనుకున్నాను. చెప్పులేసుకుని వచ్చి బండి ఎక్కింది. "పోదాం పా. నా పేరే రాయమను" అంది.

వ్యవసాయ ఆఫీసులో అధికారి మా మాట అంతా విని బిల్లు అడిగాడు. లేదన్నాం. డబ్బా అడిగాడు. కాగితంలో కట్టిచ్చాడని, ఆ కాగితం ఎటో పోయిందని అక్క చెప్పింది.

"బిల్లు లేకుంటె అమ్మిండని ఎట్లనాలె?"

"అమ్మొద్దన్న దానికి బిల్లెట్ల ఇస్తడు సార్?" అన్నాను.

"గోలీలు ఉండాల్సింది మీ అసొంటోళ్ల దగ్గరనే గద. ముందు మీ స్టాక్ చూడాలె" అన్నాడు.

అన్నట్టుగానే వచ్చాడు. ఎరువుల దుకాణం దాటుకునే వచ్చాడు. గోలీలు దాచే నా గదిలో తాళం, హెచ్చరిక బోర్డు, మీటరు, లెక్కలు అన్నీ తిరగేశాడు. సాక్ష్యం అడుగుతారేమోనని అక్క కూడా పిల్లను తీసుకుని వచ్చింది. ఆమెను ఒక్కమాటా అడగలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

లేస్తూ నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకుండ్రి. మా ఇంట్ల గూడ బియ్యానికి పురుగు పట్టింది. రెండు గోలీలు ఉంటె..."

ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆ మాట అక్క చెవిన పడింది. గడప దగ్గర పిల్లను చంకనేసుకుని నిలబడ్డ అక్క అడిగింది.

"సార్, మీ పిల్లలు ఏ అర్రల పండుకుంటరు?"