దింపురాయి దాకా ఒకే గడ

మదనపల్లె బస్టాండులో ఉదయం ఐదున్నరకు నేనూ నాయనా పుంగనూరు బస్సు ఎక్కాం. మా ఇంటి దేవర కుప్పం అవతలి అడవిలో ఉంది. పేరు దింపురాయి. వెదురు గడకు రాగిపిండి బుట్ట వేలాడదీసి, తోడబుట్టిన అన్నదమ్ములు చెరొక కొస భుజాన పెట్టుకుని అక్కడిదాకా మోయాలి. అడవి అంచు నుంచి మాట్లాడకూడదు. గడకు ముందు ఎవరూ నడవకూడదు.

బావి మోటారు వంతు దగ్గర గొడవపడి నాయనా, చిన్నాయనా మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. గడ కూడా లేవలేదు. వాళ్లిద్దరికీ అక్క, మా నాగరత్నమ్మత్త ఫోన్లో తేల్చి చెప్పింది: "ఈ తూరి మొయ్యకుంటే గడను నరికి పొయ్యిలో పెడతా."

పుంగనూరు బస్టాండులో బుట్టతో అత్తా, గడ పట్టుకుని చిన్నాయనా నిలబడి ఉన్నారు. ఇడ్లీలు తిని కుప్పం బస్సెక్కాం. గడను సీట్ల మధ్య దారిలో పడుకోబెట్టాం.

"ఏమమ్మా, ఈయప్పకు గూడా టికెట్టు కొట్టల్లా?" అన్నాడు కండక్టరు, గడను చూపిస్తూ.

"కొట్టప్పా. మాకంటే వయసులో పెద్దోడు," అంది అత్త.

నాయన ముందు సీట్లో, చిన్నాయన వెనక సీట్లో కూర్చున్నారు. మధ్యలో అత్తా, నేనూ. చిన్నాయన నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి, "మీ నాయనకు కావల్నేమో అడుగప్పా," అన్నాడు.

"వాణ్ణే తాగమను," అన్నాడు నాయన, వెనక్కి తిరగకుండా.

"మాట్లాడకుండా మొయ్యాలంటే వీళ్లకేం కష్టం? మూడేండ్లుగా అదే పని గదా," అని అత్త నవ్వింది.

పలమనేరు దాటాక ఆమె నాకు పాత కథ చెప్పింది. మా పూర్వీకులు అన్నదమ్ములిద్దరు దేవర రాయిని గడకు కట్టుకుని వలస వస్తుంటే ఏనుగు ఎదురైంది. అన్న తన కొస వదిలేసి పరిగెత్తాడు. పొద్దు గూకే వేళకు సిగ్గుపడుతూ తిరిగొస్తే, తమ్ముడు తన కొసను భుజాన పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. రాయి పడినచోటే దేవర అయింది. తమ్ముడు ఆ మాట ఎత్తలేదు కాబట్టి మనమూ నోరు ఎత్తకూడదన్నది ఆచారం.

పదింటికి కుప్పంలో దిగి, ఆటోలో అడవి అంచుకు చేరాం. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకున్నాను. వెళ్లదలచినవాళ్లు ఈ పని మరవద్దు. అటవీ కాపలాదారు మునెప్ప బుట్ట వాసన చూసి, పిండితో పాటు అత్త పెట్టిన బెల్లం తీయించాడు. "వాసనకు ఏనుగులొస్తాయప్పా. నేను ముందు నడుస్తా."

"గడకు ముందు మనిషి పోకూడదు," అంది అత్త. ఎంత చెప్పినా వినలేదు. మునెప్ప గొణుక్కుంటూ మా వెనక నడిచాడు.

గడ లేచింది. ముందు నాయన, వెనక చిన్నాయన. ఇద్దరి అడుగులూ ఒకేసారి పడితే బుట్ట ఊగుతుంది, వేరువేరుగా పడితే నిలకడగా ఉంటుంది. మొదట్లో బాగా ఊగింది. ఎండిన వంక దాటేసరికి, ఎవరు సర్దుకున్నారో తెలియదు గానీ, బుట్ట నిలిచింది.

రాళ్ల దారి. నాయన చూపు కాళ్ల కిందే ఉంది. కుడివైపు వెదురు పొదలో ఏదో విరిగిన చప్పుడైంది. నాకు ముందు చెవి కనిపించింది, తర్వాత దంతం.

"అన్నా, నిలబడు. కుడిపక్క."

చిన్నాయన గొంతు అది. నాయన నిలబడిపోయాడు. అత్త నా మోచెయ్యి పట్టుకుంది. నేను ఏనుగును కాదు, నాయన భుజాన్ని చూస్తున్నాను. గడ కొస వణికింది గానీ జారలేదు.

ఏనుగు మమ్మల్ని కాసేపు చూసి, ఒక కొమ్మ విరుచుకుని వంకలోకి దిగిపోయింది.

"ఉండావా?" అన్నాడు నాయన, తల తిప్పకుండా.

"ఉండా."

దింపురాయి నడుమెత్తు నల్లరాయి. బుట్ట దించి, కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టుకున్నాం. మునెప్ప అప్పటిదాకా ఆపుకున్న తిట్లన్నీ తిట్టాడు. అత్త తల వంచి విన్నది. "వచ్చే తూరి నువ్వే ముందు నడువప్పా," అంది. తర్వాత తమ్ముళ్ల వైపు తిరిగింది. "మాట్లాడినారు గదా, మొక్కు సెల్లదు. వచ్చే ఏడు మళ్లీ మొయ్యాల."

కుప్పంలో భోంచేసి, రెండున్నర బస్సెక్కాం. ఈసారి అన్నదమ్ములిద్దరూ ముగ్గురు కూర్చునే సీట్లో పక్కపక్కనే.

"మొక్కు సెడగొట్టింది నువ్వు."

"నోరు తెరవకుంటే ఏనుగు కాళ్ల కింద ఉందువు. నాదా తప్పు?"

"మెల్లిగా అంటే సాలదా? అట్ల అరస్తారా?"

పలమనేరు వచ్చినా ఆ వాదన తెగలేదు. అత్త కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

పుంగనూరులో చిన్నాయన గడ భుజాన వేసుకుని అత్తతో దిగాడు. బస్సు కదులుతుంటే నాయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఎండలో పెట్టద్దురా, సీలుతాది!"

"నాకు తెల్దా!" అన్నాడు చిన్నాయన.

మదనపల్లె చేరేదాకా నాయన తన కుడి భుజం నిమురుకుంటూనే ఉన్నాడు. దారి కష్టమైనదే, కానీ వెళ్లిరాదగ్గది. కాపలాదారును మాత్రం ముందు నడవనివ్వండి. వచ్చే ఏడు మేమూ అలాగే వెళ్తాం. గడ ఉంది, రెండు కొసలకూ మనుషులున్నారు.