హిస్టరీ అడగని ఒకే ఒక్క పేషెంటు

1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దు దగ్గర మా దళం పట్టుబడింది. నాకప్పటికి పాతికేళ్లు నిండలేదు. మాది టెక్కలి. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని, అంటే డాక్టరు వచ్చేలోపు కట్టుకట్టి, సూది వేసి, మనిషి ప్రాణం నిలబెట్టేవాణ్ణి. సరిహద్దు అవతల యుద్ధఖైదీల శిబిరంలో మా షెడ్డుకి నేనే పెద్ద డాక్టర్ని. నా ఆస్తి కాస్త దూది, ఒక కత్తెర, సగం అయోడిన్ సీసా. మందుల్లేవు గనక ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి హిస్టరీ తీసుకునేవాణ్ణి. ఇదివరకు ఏం జబ్బులు చేశాయి, ఇంట్లో ఎవరికేమున్నాయి అని అడగడాన్నే హిస్టరీ అంటారు. పంజాబీని అడిగాను, మరాఠీని అడిగాను. సింహాచలాన్ని మాత్రం అడగలేదు.

సింహాచలం ఉద్దానం సిపాయి, సుమ్మాదేవి దగ్గర పల్లెవాడు. ముప్పై దాటాయి. ఆ షెడ్డులో తెలుగొచ్చింది మా ఇద్దరికే. మొదటిరోజే నన్ను బావా అన్నాడు. జీడిమామిడి పళ్ల గురించి మాట్లాడుకుంటూ ఆకలి మరిచిపోయేవాళ్లం. మనవాడే కదా, ఇతని గురించి నాకు తెలియందేముంది అనుకున్నాను.

చలి తగ్గేనాటికి అతని కాళ్లు పొంగాయి. చిన్నప్పుడు ఉద్దానంలో చుట్టాలిళ్లకు వెళ్తే అరుగుల మీద అలాంటి కాళ్లు చూసినవాణ్ణే. మావైపు ఇది మామూలే అనేసుకున్నాను. వేరే ఊరివాడైతే కంగారుపడేవాణ్ణి. రొట్టె సయించడం లేదంటే వంటవాణ్ణి బతిమాలి గుప్పెడు బియ్యం తెచ్చి గంజి కాచాను. నోటికి రుచిగా ఉంటుందని ఉప్పు ఎక్కువే వేశాను. ఆ వాపుకి ఉప్పెంత చెడ్డదో ఇవాళ పలాసలో డయాలసిస్‌కి వచ్చే ప్రతివాడికీ తెలుసు. 

బాగా దెబ్బతిన్నవాళ్లను ముందుగా మన దేశానికి పంపుతున్నామని, ఇంకొక్క పేరు రాయమని వాళ్ల డాక్టరు అడిగాడు. నా మనసులో ఇద్దరున్నారు. ఒకరు తొడలో చీము పట్టిన సర్దారు, రెండోవాడు సింహాచలం. వెళ్లి అతన్నే అడిగాను. కంబళి కాళ్లమీదికి లాక్కున్నాడు.

"నాకేటి బావా, కాళ్లు పొంగినాయంతే. మనోళ్లకిది కొత్తేటి? ఆ సర్దారుని పంపించీ."

"నిజంగా బాగానే ఉందా?"

"ఉందంటన్నాను కదా. ఆడి పేరు రాసీ."

రాసేశాను. మూడు వారాలకు సింహాచలం ఊపిరాడక నా ఒళ్లోనే పోయాడు. అక్కడే మట్టిచేశారు.

విడుదలయ్యాక సుమ్మాదేవి స్టేషన్‌లో దిగి వాళ్లింటికి నడిచాను. అతని భార్య నీలమ్మ ఏడవకుండా అంతా విన్నది.

"మా మావకీ ఇలాగే కాళ్లు పొంగినాయి బాబూ. నెల తిరక్కుండా పోనాడు. ఈయన పెద్దన్నా అంతే. ఇద్దర్నీ ఈయనే మోసీసినాడు. ఈయనకన్నీ తెలుసు. నువ్వడగలేదేటి?"

"అడగలేదమ్మా."

ఆమె లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ నీళ్లు తాగడానికి నాకు సిగ్గేసింది.

తన కాళ్ల వాపు ఎటు తీసుకెళ్తుందో తెలిసే అతను సర్దారుకి చోటిచ్చాడు. బాగున్నావా అంటే బాగున్నానన్నాడు. మీ నాన్న ఎలా పోయాడని అడిగుంటే మాత్రం అబద్ధమాడే మనిషి కాదు.

అది ఉద్దానం కిడ్నీ జబ్బో, మరొకటో చెప్పే పరీక్ష నా దగ్గర లేదు. అడగడానికి నోరుంది. ఇప్పుడు మా వీధిలో చిన్నప్పటి స్నేహితుడొచ్చి కాళ్లు పొంగాయన్నా, ముక్కూమొహం తెలియనివాణ్ణి అడిగినట్టే మొదటినుంచీ అడుగుతాను. "అన్నీ నీకు తెలిసినవేగదా" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. తెలిసినవాణ్ణే ముందు అడగాలని నేను సింహాచలం పోయాక నేర్చుకున్నాను.