అవ్వ రొట్టె కోసం నా పుట్టినరోజు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో లోకాన్ని బాగుచేయడం పెద్ద పనేమీ కాదనిపించేది. ఆ ధీమాతోనే తాండూరులో రోజూ రైలెక్కి, వికారాబాద్‌లోని ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి వెళ్లేదాన్ని. అక్కడ వంట దాతల ఇష్టప్రకారం నడిచేది. ఎవరి పుట్టినరోజైతే ఆ పూట భోజనం వాళ్లది. వాళ్ల పిల్లాడికి పూరీలంటే ప్రాణమైతే మా పెద్దలకు పూరీలు, గులాబ్‌జామంటే గులాబ్‌జాములు. (షుగరున్నవాళ్లకు కాస్త చిన్నది. మా వైద్యం అంతవరకే.)

కొడంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం ఇవేవీ ముట్టేది కాదు. మజ్జిగలో నాలుగు మెతుకులు కలుపుకుని లేచిపోయేది. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి. "ఏం తింటవవ్వా?" అంటే ఒకటే మాట: "జొన్నరొట్టె, ఇంత ఎల్లిపాయ కారం. ఇంకేమద్దు బిడ్డా."

మేనేజర్ సారుకు చెప్పాను. "జొన్నరొట్టె పెట్టి పుట్టినరోజు జేసుకున్నోన్ని నువ్వెక్కడన్న జూసినవామ్మా?" అన్నారు. చూడలేదు. నా డిగ్రీ కూడా చూసినట్టు లేదు. అయితే నాకూ ఒక పుట్టినరోజుందని తిరుగు రైల్లో తట్టింది.

పుట్టినరోజు పొద్దున్నే అమ్మ వెల్లుల్లి కారం నూరి, రొట్టెలు చేసి, గుడ్డలో చుట్టిచ్చింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. దాతనన్నాక తప్పదని సారు కేకు కోయించి, నా నెత్తిన కాగితపు టోపీ పెట్టి, పెద్దలందరి చేతా చప్పట్లు కొట్టించారు.

అవ్వ పళ్లెంలో రొట్టె పెట్టాను. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. అలాగే పట్టుకుని కూర్చుంది.

"తినవ్వా, ఏం సూస్తున్నవ్?"

"ఫొటో గాలె గదా బిడ్డా," అంది కొంగు సర్దుకుంటూ. "ముందుగాల ముడితే సారు కోపం జేస్తడు."

ఫోనెత్తి ఫొటో తీశాను; తీయకపోతే తినేలా లేదు. అప్పుడు తుంచి, కారంలో అద్ది, కళ్లు మూసుకుని తింది. సగమయ్యాక ఆగింది.

"మల్ల నీ పుట్టినరోజు ఎప్పుడస్తది?"

"ఏడాదికవ్వా."

మిగిలిన సగం కొంగులో మూటగట్టుకుంది. "గంత దూరమా! జర నెలకోసారి పుట్టరాదు బిడ్డా?"

చూస్తానన్నాను. నెత్తిన టోపీతో అంత గంభీరంగా మాటిచ్చిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏం చేస్తుంది పాపం, పుట్టడం తప్ప దాని చేతిలో ఇంకే అధికారమూ లేదు.