సగంలో ఆగిన పదిహేడో సాలు

దయ్యాలు, గాలి, ధూళి లాంటివి నేను నమ్మను. ఇది చదివాక కూడా నమ్మానని ఎవరూ అనుకోవద్దు. మా ఆఫీసులో ఎవరైనా "సిస్టం దానంతట అదే చేసింది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ ప్రోగ్రామూ దానంతట అదే ఏమీ చేయదు, ఎవరో ఒకరు రాస్తేనే చేస్తుంది. పదకొండేళ్లుగా ఈ మాట చెప్పి నలుగురితో గొడవ పడ్డవాణ్ణి. ఒక్క సోమవారం విషయంలో మాత్రం నా నోరు పెగలదు.

నేను మొబైల్ యాప్‌లు తయారు చేస్తాను. అందులోనూ నాది చిన్న ముక్క. మీరు ఫోన్‌లో ఒక పేరు నొక్కితే ఆ పేజీ పక్కనుంచి జరుగుతూ వస్తుంది కదా, వెనక్కి పోతే మళ్లీ అటే జరిగిపోతుంది. ఆ కదలిక రాసేది నేను. అర సెకను కూడా ఉండదు. "దీనికి కూడా జీతమిస్తారా?" అని మా చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ. మాది గోపాల్‌పేట. ఇప్పుడు వనపర్తిలో అద్దె ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తున్నాను.

మా పద్మక్కను మానవపాడు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. అక్క బడి మానేసి పత్తి చేలలో కూలికి పోయింది, నేను మాత్రం బడికి పోయాను. ఇంతకంటే రాస్తే ఆమెకు కోపం వస్తుంది.

ఇప్పుడు అక్కవాళ్లు సొంతంగా సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి వేస్తారు. ఆ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. సాయంత్రం ఆడవాళ్లు సాలు వెంట నడుస్తూ మొగ్గ తొక్క ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెడతారు. మర్నాడు పొద్దున ఎర్ర కాగితం ఉన్న ప్రతి మొగ్గకూ మగ చెట్టు పువ్వు తెచ్చి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక మొగ్గ మరిచిపోతే అది రాలిపోతుంది. అక్క చేనులో ముప్పై రెండు సాళ్లు. ఏ సాలు అయింది, ఏది మిగిలింది అనే లెక్క అక్క నోటితోనే పెట్టుకునేది. రోజూ అరుపులే.

ఆమె కోసం ఒక చిన్న యాప్ చేశాను. సాళ్ల జాబితా ఉంటుంది. సాలు నెంబరు నొక్కితే ఆ సాలు పేజీ వస్తుంది, అందులో ఎర్ర చుక్కలుంటాయి. పని కాగానే చుక్క నొక్కితే పచ్చగా మారుతుంది. మొదట నేను పేజీని జరిపించలేదు, నొక్కగానే టక్కున మారేది. అక్కతో పనిచేసే మరియమ్మ దాన్ని చూసి బెదిరిపోయింది.

"అగో, మొత్తం పోయింది! నేనేం చెయ్యలే తమ్మీ, జర ముట్టిన అంతే!" అని ఫోన్ అక్క చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

అందరం నవ్వాం కానీ తప్పు నాదే. చేనులో ఎవరూ ఒక సాలు నుంచి ఇంకో సాలుకు టక్కున పోరు, నడిచి పోతారు. అప్పుడు వాళ్లు ఎలా నడుస్తారో గట్టు మీద కూర్చుని చూశాను. రోడ్డు వైపున్న తూర్పు గట్టు నుంచి మొదటి సాలు పట్టి పడమరకు పోతారు. అక్కడ మలుపు తిరిగి రెండో సాలు పట్టి తూర్పుకు వస్తారు. మళ్లీ మూడోది పడమరకు. నేనూ అలాగే రాశాను. ఒకటి, మూడు, అయిదు సాళ్ల పేజీలు కుడి నుంచి ఎడమకు జరుగుతూ వస్తాయి. రెండు, నాలుగు, ఆరు ఎడమ నుంచి కుడికి వస్తాయి. కుడి అంటే తూర్పు, ఎడమ అంటే పడమర అన్నమాట. వేరే ఏ యాప్‌లోనూ ఇలా ఉండదు. మరియమ్మకు మాత్రం ఆ క్షణం నుంచి బెరుకు పోయింది. "ఇప్పుడు చేనోలె ఉన్నది" అంది.

ఇక అసలు భయం గురించి. అక్కకు మూడేళ్ల కింద షుగర్ వచ్చింది. పొద్దున గోలీ వేసుకుంటుంది. అదొక్కటే అయితే బాధ లేదు. శ్రావణ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. గోలీ వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ నా ముందే గట్టిగా చెప్పింది. అక్క అక్కడ తలూపింది. బయటకు వచ్చాక నాతో అన్న మాట వేరే. "శివునికి చెప్పుకున్న ఒక్కపొద్దు తమ్మీ. నువ్వు మధ్యల రాకు." గోలీ మానితే డాక్టరమ్మ తిడుతుందని గోలీ వేసుకునేది, తింటే శివుడు ఏమనుకుంటాడోనని పస్తుండేది. ఇద్దరి మాటా నిలబెట్టాలని చూసే మనిషితో ఎలా వాదిస్తాం?

రెండో శ్రావణ సోమవారం. కంపెనీ పని పక్కన పెట్టి అక్క యాప్ ముందేసుకున్నాను. పేజీలు మరీ తొందరగా జరుగుతున్నాయని, "జర నిమ్మలంగ నడిపియ్యి" అని అక్క అంతకు ముందు రోజే చెప్పింది. చేసేది ఒక్క అంకె మార్చడమే. మార్చి నా ఫోన్‌లో ఒక్కో సాలు నొక్కి చూస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది, కిటికీలోంచి ఎండ టేబుల్ మీద పడుతోంది.

పదహారు సాళ్లు చక్కగా వచ్చాయి. పదిహేడు నొక్కాను. బేసి సంఖ్య కాబట్టి కుడి నుంచి రావాలి. ఎడమ నుంచి వచ్చింది. వచ్చి, సగం దాటి కొంచెం ముందుకు జరిగి ఆగిపోయింది. ఎడమవైపు పదిహేడో సాలు, కుడివైపు జాబితా, మధ్యలో గీత గీసినట్టు.

నాకు భయమేమీ వేయలేదు, చిరాకు వేసింది. యాప్ మూసి తెరిచాను. పద్దెనిమిది బాగుంది, ముప్పై రెండు బాగుంది. పదిహేడు మళ్లీ ఎడమ నుంచి వచ్చి అక్కడే ఆగింది. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను. అదే. మార్చిన అంకెను పాతదానికి మార్చాను. అదే. ఒక్క సాలును వేరుగా చూడమని నేను ఎక్కడా రాయలేదు, ముప్పై రెండింటికీ ఒకే నాలుగు వరుసల కోడ్. హైదరాబాద్‌లోని స్నేహితుడికి చూపిద్దామని స్క్రీన్‌ను వీడియో తీశాను. పదకొండు సార్లు నొక్కాను, పదకొండు సార్లూ అదే చోట ఆగింది.

అక్క ఫోన్‌లోనూ ఇలాగే ఉందా అని అడగడానికి ఫోన్ చేశాను. నిజంగా అందుకే చేశాను, వేరే ఆలోచన లేదు. స్విచాఫ్. బావ ఆ రోజు పని మీద రాయచూరు పోయాడు. మరియమ్మకు చేశాను. ఆటో చప్పుడు వినిపించింది.

"పని అయిపోయింది తమ్మీ, మేమంత ఇంటికి పోతున్నం. అక్క మీరు నడువుండ్రి, నేను ఎన్క వస్త అన్నది. ఆమె ఇల్లు చేనుకు దగ్గరనే గద, ఈపాటికి చేరి ఉంటది."

"ఏమన్న తిన్నదా అక్క?"

"ఏడ తింటది, ఒక్కపొద్దు గద."

అప్పుడు గుర్తొచ్చింది అది సోమవారమని. ఎదురుగా స్క్రీన్ మీద పదిహేడో సాలు సగంలో ఆగి ఉంది. పత్తి ఛాతీ ఎత్తున ఉంది. అందులో మనిషి కూలబడితే గట్టు మీది నుంచి కనబడదు. ఇల్లు చేరలేదేమో అన్న అనుమానం వరకు ఎవరికైనా వస్తుంది. కానీ నేను "ఇంటికి పోయి చూడండి" అనలేదు. "చేనుకు పోండి" అన్నాను. అసలు కారణం చెబితే నవ్వుతుందని సిగ్గేసి అబద్ధం ఆడాను.

"మరియమ్మా, అక్క ఫోన్ పదిహేడో సాలులో పడిపోయిందట. జర ఎన్కకు పోయి చూస్తవా?"

"ఇంత ఎండల మల్లనా? ఫోన్ ఏడికి పోతది, పొద్దుగూకినంక చూస్తం తియ్యి."

"నీ కాళ్లు మొక్కుత, ఇప్పుడే పో."

నా గొంతులో ఏం వినబడిందో ఏమో, ఆమె వెంటనే ఆటో తిప్పించింది. ఫోన్ పెట్టెయ్యవద్దన్నాను. తూర్పు గట్టు మీద దిగి సాళ్లు లెక్కపెట్టడం వినిపించింది. పదిహేడు దగ్గర నిలబడి కేకేసింది. "పద్మక్కా!" జవాబు లేదు. "ఎవ్వరు లేరు తమ్మీ. సాలంత ఖాళీగ ఉన్నది."

స్క్రీన్ చూశాను. ఎడమ నుంచి. సగం దాటి.

"అటు దిక్కు పో. పడమటి గట్టు నుంచి లోపలికి రా. సగం దాటినంక చూడు."

"నీకెట్ల తెల్సు?"

"నాకు తెల్వదు. పో మరియమ్మా."

ఆమె గట్టు చుట్టి పోతుంటే ఆయాసం వినబడుతోంది. తర్వాత ఆకులు గీసుకునే చప్పుడు. ఆ చప్పుడు వింటూ నేను మొక్కని దేవుడు లేడు. ఆ తర్వాత మరియమ్మ అరుపు.

"అయ్యో ఏసయ్యా! పడిపోయింది తమ్మీ, ఈడ ఉన్నది!"

రెండు సాళ్ల మధ్య కొమ్మల కింద పక్కకు ఒరిగి ఉందట. ఒళ్లంతా చెమట, మాట తడబాటు, కళ్లు మూతలు పడుతున్నాయి. మింగే తెలివి ఇంకా ఉంది. ఆటో అతను కిరాణా కొట్టుకు పరుగెత్తి చక్కెర తెచ్చాడు. నీళ్లలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా తాగించారు. మానవపాడు దవాఖానలో గ్లూకోజు పెట్టి గద్వాలకు పంపారు. నేను వనపర్తి నుంచి బండి మీద పోయాను. బీచుపల్లి వంతెన దాటింది కూడా నాకు గుర్తు లేదు.

నేను పోయేసరికి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. ఒక్కపొద్దు పోయింది కదా అని మొహం మాడ్చుకుని మరీ తింటోంది. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు అన్నాడు. మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. నలభై దగ్గర పడుతున్న మగవాణ్ణి, వార్డులో అందరి ముందు.

"ఏందిరా, చిన్నపోరనిలెక్క," అని అక్క తన ఇడ్లీలో సగం నా చేతిలో పెట్టింది.

తరువాత నిదానంగా అడిగాను, అటు నుంచి ఎందుకు నడిచావని. కొత్తగా వచ్చిన ఒకామె ఆ సాలు చేసిందట. కొత్తవాళ్లు చేసిన సాలును, అందరూ పోయాక, అక్క ఒక్కతే ఎదురుదిక్కున నడిచి చూస్తుందట. ఒకవైపు నుంచి ఆకు చాటున ఉన్న ఎర్ర కాగితం ఇంకోవైపు నుంచి కనబడుతుంది. "అందరి ముంగల చూస్తే ఆమెకు ఎట్లనో ఉంటది గద," అంది. మరియమ్మకు కూడా ఈ సంగతి తెలియదు. నాకు అసలే తెలియదు.

అక్క ఫోన్ తూర్పు గట్టు మీద సద్ది సంచిలోనే దొరికింది. చార్జింగ్ అయిపోయి పొద్దుటి నుంచీ ఆరిపోయి ఉంది. నా ఫోన్‌లో ఉన్నది ఆదివారం సాయంత్రం అక్క పంపిన లెక్కే. ఎవరు ఎక్కడున్నారో చెప్పే ఏర్పాటు ఆ యాప్‌లో లేనే లేదు, నేను పెట్టలేదు.

ఆ రాత్రే కాదు, తర్వాత నెల రోజులు ఆ నాలుగు వరుసల కోడ్‌తో కుస్తీ పట్టాను. వీడియో ఇప్పటికీ ఉంది. నాకన్నా తెలివైనవాళ్లు ఇద్దరు చూశారు. ఒకడు ఫోన్ పాడైందన్నాడు. అదే ఫోన్‌లో పదిహేడు మళ్లీ ఎన్నడూ ఆగలేదు. ఆగించాలని నేనే ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఆగలేదు. ఇంకొకడు వీడియో రెండుసార్లు చూసి, అక్క ఎలా ఉందని అడిగి ఊరుకున్నాడు.

అక్క ఇది జోగులాంబ తల్లి చలువ అంటుంది. మరియమ్మ ఏసయ్య చేశాడంటుంది. "నన్ను పంపింది ఎవరు మరి?" అని అక్కతో పంచాయితీ పెట్టుకుంటుంది. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమంటారు. తెలియదని చెప్పి ఇద్దరి దేవుళ్లకూ దండం పెడతాను. మరియమ్మకు ఇంకాస్త వంగి పెడతాను. నా అబద్ధాన్ని నమ్మి ఎండలో వెనక్కి పోయింది ఆమె.

యాప్‌లో ఒక్కటే మార్చాను. ముప్పై రెండో సాలు అయ్యాక, "అందరూ గట్టెక్కారా?" అని అడుగుతుంది. అవునని నొక్కేదాకా పేజీ కదలదు. అక్క ఇప్పుడు సోమవారాలు గోలీకి ముందు ఏదో ఒకటి తింటోంది. శివునికి ఏం చెప్పుకుందో నేను అడగలేదు.

రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు పని ఆపి పదిహేడో సాలు నొక్కి చూస్తాను. కుడి నుంచి ఎడమకు, ఆ చివరి దాకా, ఎక్కడా ఆగకుండా జరిగిపోతుంది. అయినా నమ్మకం కుదరక అక్కకు ఫోన్ చేస్తాను. అవతల నుంచి నేను అడగకముందే, విసుగ్గా, నోటి నిండా ముద్దతో జవాబు వస్తుంది.

"తింటున్న తమ్మీ, తింటున్న."