కంప వేసిన మడుగు

యాడికి అనే ఊరి దగ్గరి చెరువులో నీళ్లు తగ్గితే చివరికి మిగిలేది తూము పక్కనున్న అమ్మమడుగు. నీళ్లు అక్కడికి చేరిన రోజున బెస్త కుటుంబాలన్నీ తుమ్మకంపలు కొట్టుకొచ్చి అందులో వేస్తాయి. ఇక వల విసిరితే కంపకు చిక్కి చిరిగిపోతుంది. వానలకు చెరువు నిండేదాకా అక్కడి కొరమీనుల జోలికి ఎవరూ పోరు.

తిప్పయ్యకు అరవై ఎనిమిదేళ్లు. అతని చిన్నతనంలో కంప వేసిన రోజునే వాళ్ల నాయన తంగేడు చెక్క ఉడకబెట్టి, నూలు వలలకు ఆ రంగు పట్టించి దూలానికి వేలాడదీసేవాడు. ఇల్లంతా వగరు వాసన. ఆ తర్వాత నెలల తరబడి సంగటిలోకి చింతాకు పప్పే.

"ఆ వాసన నైలాన్ వలకు యాడొస్తాది?" అంటాడు తిప్పయ్య.

ఈ ఏడాది మార్చిలో ప్రసూన అనే తనిఖీ అధికారి ఆ మడుగు చూడటానికి వచ్చింది. చెరువులో విత్తనానికి కొన్ని చేపల్ని వదిలి మిగతావే పడుతున్నారని ధ్రువపత్రం ఉంటే మంచి ధరకు కొంటామని బెంగళూరు కంపెనీ ఒకటి మత్స్యకార సంఘానికి చెప్పింది. ఆ పత్రం ఇవ్వాలో వద్దో తేల్చేది ఆమే. సంఘం అధ్యక్షుడు లక్ష్మీపతి ముందురోజే తిప్పయ్యను హెచ్చరించాడు.

"మామా, మడుగులో ఎప్పుడన్నా పట్టినారా అని అడుగుతాది. తాతల కాలం నుంచీ పట్టలేదని చెప్పు. నీ పురాణం విప్పద్దు."

ప్రసూన సరిగ్గా అదే అడిగింది.

"ఒకసారి పట్టినాం," అన్నాడు తిప్పయ్య. "ముందు దిగింది నేనే."

లక్ష్మీపతి చెరువు అవతలి గట్టు కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. వరసగా మూడో కరువు. మడుగు కూడా బురదైంది. ఎలాగూ ఎండిపోయేదే, కాకుల పాలయ్యేకంటే మనం తింటే మేలనుకుని తిప్పయ్య కంప లాగి గట్టున పడేశాడు. అతని వెనక అందరూ దిగారు. కొరమీను బురదలోనూ బతుకుతుందని తెలియనివాళ్లు కారు. అయినా చేతులతో బురద కెలికి మరీ పట్టారు. మరుసటి ఏడు చెరువు నిండింది, కొరమీను ఒక్కటీ లేదు. తల్లి చేప వెంట ఎర్రటి పిల్లల గుంపు తిరగడం మళ్లీ చూడటానికి ఆరేళ్లు పట్టింది. అదీ పక్క చెరువు చేపల్ని తడి గోతాల్లో తెచ్చి వదిలాక.

"మా నాయన అప్పుడు మంచంలో ఉండె. నేను తెచ్చిన చేప ముట్టలేదు."

"ఆ తర్వాత ఎవరూ పట్టలేదా?"

"ప్రతి ఎండాకాలం నేనే ఈడ కాపలా కూర్చుంటాండా."

"రాసి పెట్టుకున్నారా?"

"ఏం రాసేది మేడం? కంప కనపడతాండాది కదా."

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఈ ఏటికి పత్రం లేదు. మడుగులో నీటి మట్టం, చేపపిల్లలు కనబడిన రోజులు ఏడాది పాటు రాసి చూపిస్తే మళ్లీ పరిశీలిస్తారట.

"నోరు ఊరకుండింటే వచ్చిండేది కదా మామా," అన్నాడు లక్ష్మీపతి.

"వచ్చిండేదేమో. రేపు ఇంగో కరువు రాకుండా పోతుందా? నేను లాగినట్టే ఇంగొకడు లాగుతాడప్పా. ఏమైతాదో వానికి తెలియద్దా?"

రెండు రోజుల తర్వాత లక్ష్మీపతి యాడికి నుంచి పొడుగు నోటుపుస్తకం కొనుక్కొచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"లోతు ఎంతని రాయల్ల?"

తిప్పయ్య పంచె ఎగగట్టి మడుగులోకి దిగాడు.

"మోకాలి మీద జానెడు. రాసుకో."