అవ్వ నూనె పెట్టిన తలుపు

మా ఎదురింటవ్వ పోయింది. చింతామణిలో సభ ముగించుకొని మొదటి బస్సుకు బాగేపల్లిలో దిగితే, బస్టాండు టీ అంగడాయన గ్లాసు కడుగుతా చెప్పినాడు. "మీ ఎదురింటవ్వ తెల్లారుజామున పోయిందంట గదప్పా. చక్కెర వేసేదా, వద్దా?" రెండూ ఒకే ఊపిరిలో. నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి పోయిన వార్తకు ఈ ఊర్లో ఉండే విలువ అంతే. టీ వద్దని వానలోనే ఇంటి దోవ పట్టినాను.

ఇది చదివే ఈ ఊరివాళ్ళు, మీలో చాలామంది ఆమెను ఎరుగుదురు. పేరు తెలియకపోవచ్చు. చేతిలో ఇత్తడి గిన్నె, భుజాన పాత పంచగుడ్డ, పిలవకుండానే మీ గడప ముందర నిలబడి "అమ్మా, తలుపుకు నూనె పెట్టి పోతా" అనే ముసలామె. ఆమె గొంతు వినపడగానే లోపలి గదిలోకి పోయి టీవీ శబ్దం పెంచినవాళ్ళు కూడా మీలో ఉన్నారు. ఎవరెవరో నాకు తెలుసు. పేర్లు రాయను. అవ్వ ఉంటే రాయనిచ్చేది కాదు.

ఆమె భర్త వడ్రంగి. ఆచారి తాత అనేవాళ్ళం. తాత కోసి, చెక్కి, బిగించి పక్కన పెడితే అక్కడినుంచి పని అవ్వది. ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసేది. అవిసె నూనెలో తేనెమైనం కరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డతో పట్టించేది. చెక్కలో గీతలు పోయిన దిక్కునే చేయి పోవాల, అడ్డం పోకూడదు. రోంతసేపు వదిలిపెట్టి, ఇంకో గుడ్డతో తుడిచేయాల. "తాగినంతే దానిది. మిగిలింది తుడవకపోతే జిగటయి, వీధిలో మన్నంతా దానికే" అనేది. అవ్వ అణకువ మనిషేమీ కాదు. "ఆయప్ప చేయి లోపలుండాది, నా చేయి పైనుండాది. చూసేవాళ్ళకు కనపడేది నాదే" అని గొప్పలు పోయేది.

ఊరికంతా తలుపులు చేసిన తాత సొంతింటికి మాత్రం చేసుకోలేదు. రేపు రేపు అంటానే పోయినాడు. వాళ్ళ వాకిలికి ఉండేది రేకు తలుపు. పడుకునేది సంతలో కొన్న ఇనుప మంచం. తాత ఉలి, బాడిశ కూడా ఆయన తమ్ముని కొడుకు పట్టుకుపోయినాడు. భర్త చేతి వస్తువు ఒక్కటన్నా తాకుదామంటే ఆమెకు ఇంట్లో ఏమీ లేదు. అంతా మీ ఇండ్లల్లో ఉంది. అందుకే ఆమె గిన్నె పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. నూనె తాగిన చెక్క కొన్నాళ్ళకు మళ్ళీ ఎండిపోతుంది గదా, మళ్ళీ పోవడానికి ఆ సాకు చాలు.

అప్పట్లో నేను చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు తెచ్చుకొని రాత్రీ పగలూ చదివేవాణ్ణి. శ్రమ, కూలి, దోపిడి, ఇవే నా నోట్లో. ఒకరోజు ఆమెతోనే తగువు పెట్టుకున్నాను.

"ఊరికే ఏమిటికి చేస్తావవ్వా? కూలి అడుగు. అడగకపోతే దోపిడికి నువ్వే దోవ చూపించినట్టు."

"కూలి తీసుకుంటే పనైపోతానే పొమ్మంటారు. ఊరికే చేస్తే కూర్చోమంటారు. ఇది నీ పుస్తకంలో రాయలేదా?"

"లేదు."

"అయితే రాసినోడు ఎప్పుడూ ఒంటిగా లేడు."

నేను కోపంగా లేచి పోతుంటే వెనకనుంచి పిలిచింది. "రేయ్ అబ్బోడా, పంచగా మిగిలిన కాగితాలుంటే ఇచ్చి పో. తలుపు కింద పరిస్తే నూనె బాగా పీలుస్తాయి. అచ్చు ఉండేవైతే ఇంకా మేలు." అట్లా లోకాన్ని మార్చవలసిన నా కరపత్రాలు మీలో కొందరి గడపల ముందర నూనె తాగినాయి.

ఇంకొకసారి మా సంఘం వాళ్ళతో గొడవపడి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆమె అరుగు మీద కూర్చుండిపోయినాను. అవ్వ నూనెగుడ్డను గోడ మీద పరిచి ఆరేస్తా ఉంది. ఈ గుడ్డను ముద్ద చేసి మూలకు వేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుందంట. ఆ మాట చెప్పి నావైపు చూసింది. "నువ్వూ ఇదే మాదిరి. ముద్దయి మూల కూర్చుంటే నీయంతట నువ్వే కాలిపోతావు. పోయి నలుగురిలో ఆరు, పో." మరుసటి దినం సంఘానికి పోయినాను. అందరికీ ఆ మాట చెప్పే అవ్వకు మాత్రం కూర్చునే నలుగురు తగ్గిపోతా వచ్చినారు.

కొత్త ఇండ్లకు షాపు తలుపులు, సన్మైకా, ఇనుప గేట్లు వచ్చినాయి. మా వీధి చివర ఇంట్లో కోడలు "అవ్వా, పోయిన నెలే పెయింటు కొట్టించేసినాం" అంది. అవ్వ ఆ నీలిరంగు తలుపును తడిమి చూసి, "ఎండలో కూడా రెయిన్‌కోటు తొడిగినారే దీనికి" అని నవ్వింది. ఇంటికొచ్చి గిన్నెలో నూనె మళ్ళీ సీసాలో పోసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె నవ్వలేదు.

చివరికి మిగిలింది పేరేసంద్రలో రోడ్డు పక్క శెట్టి గారిల్లు. ఆ వాకిలి తలుపు తాత చేసినవాటిలో అన్నిటికన్నా పెద్దది. టేకు, ఒంటి రెక్క, బొమ్మలేమీ లేవు, అంచున మాత్రం చెక్కిన సన్న తీగ. అవ్వ బస్సెక్కి పోయేది. తోడుకు నన్ను లాక్కుపోయేది. ఆ ఇంటి ముసలామె శెట్టమ్మ కాఫీ ఇచ్చి మెట్టు మీద కూర్చునేది.

"నీ మొగుడు తలుపు చేసినాడా, గోడ చేసినాడా తల్లీ? తెరిచేలోపల నా భుజం పడిపోతాండాది."

"నీ మొగుడు అడిగిందే అట్ల గదమ్మా. 'నా పెండ్లాం పుట్టింటికి పరిగెత్తకుండా తలుపు చేసియ్యి ఆచారీ' అన్నాడంట."

ఇద్దరూ పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్ళు. అవ్వ నూనె పెట్టడానికి అంతసేపెందుకు పడుతుందో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

తరువాత హైవే వెడల్పు చేస్తారని ఆ వరస ఇండ్ల గోడల మీద ఎర్ర గీతలు పడినాయి. నేను అర్జీ రాసి, సంతకాలు పెట్టించుకొని తాలూకా కచేరికి పోయినాను. అక్కడొక గుమాస్తా కన్నడంలో "రస్తె బేడ్వా నిమగె?" అన్నాడు, మీకు రోడ్డు వద్దా అని. అరిచినాను. బయటికి పంపించినారు. ఇల్లు పోయింది. శెట్టమ్మ చిక్కబళ్ళాపురంలో కొడుకు కట్టిన కొత్తింటికి పోవలసి వచ్చింది. తలుపును పాత కట్టెల అంగడికి తోలిస్తామని కొడుకు అంటే, నడివీధిలో నిలబడి వాదులాడినాను. "ఇది చేసినోళ్ళ చేతి సొత్తు. అమ్మేదానికి మీరెవరు?" శెట్టమ్మ కొడుకును పక్కకు జరిపింది. "ఆ అమ్మకే ఇచ్చేయి నాయనా. నా కాఫీ తాగేవాళ్ళు ఇంకెవరుండారు?"

టెంపోలో ఆ తలుపు మీదనే కూర్చొని బాగేపల్లికి వచ్చినాను. అంత గర్వం నాకు ఏ సభలోనూ కలగలేదు. అవ్వ బయటికొచ్చి చాలాసేపు తలుపును తడుముతా నిలబడింది.

"ఇంక నీదే అవ్వా. చేసినోళ్ళకే చేరింది."

"తెచ్చినావు, సరే. ఇంక నేను ఏమని చెప్పి ఎవురింటికి పోయేది?"

నాకు కోపమొచ్చింది. న్యాయం జరిగితే మనిషి సంతోషపడాల గదా! ఇప్పటికీ నేను ఆ తలుపు ఆమెకు చేరడం న్యాయమే అంటాను. ఎవరు కాదన్నా వాదిస్తాను.

ఆ వాకిలికి అంత పెద్ద తలుపు పట్టదు. వంచి, తిప్పి లోపలికి చేర్చి, ఉన్న ఒక్క గదిలో గోడకు ఆనించినాము. అవ్వ దానికే నూనె పెడతా వచ్చింది. తుడవడం, మళ్ళీ పెట్టడం. బస్సెక్కడం మానేసింది. ఒకరోజు నేను పోయేసరికి దాని ముందర కూర్చొని ఉంది. "ఎంత మంచి తలుపురా ఇది. దీన్ని ఎవురూ తట్టరు గదా" అంది. నాకేం తోచిందో, దగ్గరికి పోయి వేలితో టక టక తట్టినాను.

"ఎవురూ లేరు లోపల" అంది అవ్వ. ఆమె నవ్వుతూనే ఉంది. నాకు చాతకాలేదు.

అవ్వ పోయిన దినం, బస్టాండునుంచి వానలో తడిసి నేను పోయేసరికి పాలామె, పక్కింటామె, ఇంకొందరు వాకిట్లో నిలబడి ఉన్నారు. గదిలో కప్పు కారి నేలంతా తడి. వీధిలో బురద. శవాన్ని యాడ పండబెట్టాల అని మాట్లాడుకుంటాండారు. చాప పరిస్తే నీళ్ళు పైకొస్తున్నాయి.

"తలుపు బయటికి తెండి" అన్నాను.

"తలుపు మీద పండబెట్టేది యాడన్నా ఉండాదా?" అని ఒక పెద్దాయన అడ్డమొచ్చినాడు.

"బురదలో పండబెట్టేది యాడుండాదో చెప్పప్పా మరి!" అని నేను గొంతు లేపినాను. పక్కింటామె నా భుజం మీద చేయి వేసి, "అరవద్దు నాయనా. ఎత్తండప్పా, ఆమె చేతి పనే గదా" అంది.

ఇటుకలు పేర్చి తలుపును వాటి మీద వేసి, అవ్వను పండబెట్టినాము. పైన టార్పాలిన్ కట్టినాము. ఆమె నూనె పెట్టిపోయిన తలుపులన్నీ ఈ ఊర్లోనే ఉన్నాయి. వాటి వెనకనుంచి వచ్చినవాళ్ళు తక్కువ. మధ్యాహ్నానికి చిక్కబళ్ళాపురంనుంచి శెట్టమ్మ వచ్చింది. అవ్వ మొగం చూసింది, ఏడవలేదు. వంగి తలుపు అంచును తడిమి, అక్కడే ఒక ఇటుక మీద కూర్చుంది, తీసుకుపోయేదాకా.

అవ్వను మన్ను చేసి వచ్చేసరికి వాన నిలిచింది. పక్కింటామె బిందెడు నీళ్ళు తలుపు మీద కుమ్మరించి లోపలికి పోయింది. తాత తమ్ముని కొడుకు దాన్ని దూరంనుంచే చూసి, "శవం పండిన తలుపు ఇంక ఏ ఇంటికీ పెట్టరు. మీరేమన్నా చేసుకోండి" అని బస్సుకు పోయినాడు. ఒక్కొక్కరే ఇండ్లలోకి పోయి గడియలు వేసుకున్నారు. వీధిలో నేనూ తలుపూ మిగిలినాము.

నీళ్ళు చెక్కలోకి ఇంకలేదు. ఆమె తల ఆనిన చోట, కాళ్ళు చాపిన చోట, అంచున తీగ వెంబడి, అంతా ఒకటే తీరుగా బొట్లు బొట్లుగా నిలబడి ఉన్నాయి. గాలి తగిలితే వణుకుతాయి. జారవు.